పైకి చూడని సర్వేయరు

ఉంగుటూరు,
2 ఫిబ్రవరి 2006.

ముస్తాక్‌కి,

ఇక్కడ అందరం క్షేమం, ఒక్క ఇంటి సంగతే తెలియదు. ఫోను చేద్దామంటే ఇరవై ఏళ్లు రంపం మిషను పక్కన నిలబడి నువ్వు ఒక చెవి పోగొట్టుకున్నావు. నాకు రెండు చెవులూ ఉండి కూడా ఎవరి మాటా విననని మా ఆవిడ ఫిర్యాదు. ఇలాంటి ఇద్దరికీ ఇన్‌లాండు కవరే గతి.

మా గాయత్రి స్కూలు పెడుతుందట. తాడేపల్లిగూడెంలో నాలుగేళ్లు ఎవరిదో కాన్వెంటులో పాఠాలు చెప్పి విసిగిపోయింది. "మన మండువా ఇల్లు ఉంది కదా నాన్నా, మీ ఇద్దరికీ పన్నెండు గుమ్మాలు దేనికి? జూన్‌లో చిన్నపిల్లలకి స్కూలు తెరుస్తాను," అంది. అది మాట పూర్తి చెయ్యకముందే ఒప్పేసుకున్నాను. ఊళ్లో నలుగురికీ చెప్పుకుని కూడా వచ్చాను. ఆ తరువాత తెలిసింది, పర్మిషను రావాలంటే ఇల్లు గట్టిదని ఇంజనీరు కాగితం రాసివ్వాలట.

కాగితమే కదా, ఎవరో ఒకరు సంతకం పెడతారులే అన్నాను. గాయత్రి నన్ను చూసిన చూపు నువ్వు చూసి ఉండాల్సింది. "కాగితం కాదు నాన్నా, నాకు నిజం కావాలి. ముప్పైమంది పిల్లలు కూచుంటారు ఆ కప్పు కింద," అంది.

నిజం నాకేం తెలుసు? ఈ ఇంటి గురించి నాకు తెలిసిందల్లా వాన పడితే ఏ మూల ఏ గిన్నె పెట్టాలన్నదే. తాత కట్టాడు, నాన్న కాపాడాడు, నేను గిన్నెలు పెట్టాను. మా మూడు తరాల చరిత్ర అంతే.

క్లాసు పడమటి పెద్దగదిలో అనుకుంటున్నాం. డెబ్బై ఏడు తుఫానుకి పాత దూలం విరిగితే నువ్వు కొత్తది ఎక్కించావే, ఆ గది. దానికి మాత్రం భయం లేదని, అక్కడ ముస్తాక్ చెయ్యి పడిందని గాయత్రికి ధైర్యం చెప్పాను. మిగతా ఇంటి కోసమే ఎవరైనా తెలిసిన సర్వేయరు కావాలి. ఏలూరులో ఇళ్లు కట్టేవాళ్లందరూ నీ కొట్టుకే కదా వస్తారు. సున్నం ఇళ్ల సంగతి ఎరిగినవాడిని ఒకడిని చూసిపెట్టు.

నీ
గంగరాజు


పవర్‌పేట, ఏలూరు,
11 ఫిబ్రవరి 2006.

గంగరాజుకి సలాములు.

గాయత్రి స్కూలు పెడుతుందని చదివి నేనూ మా ఆవిడ షాహీనూ చాలా సంతోషించాం. పిల్లలకి బల్లలు నేను చేసిస్తానని చెప్పు. నా చేత్తో బల్ల చేసి పదేళ్లయింది. ఇప్పుడు కొట్టులో ఉన్నవన్నీ ఫ్యాక్టరీ తలుపులు. నేను వడ్రంగినన్న మాట బోర్డు మీద మాత్రం మిగిలింది.

సర్వేయరు విషయంలో నీకు ఇంత కంగారు ఎందుకో అర్థం కాలేదు. ఎనభై ఏళ్లు నిలబడ్డ ఇల్లు పడేదైతే ఈపాటికి పడేది. ముసలివాళ్లని పెద్దాసుపత్రికి తీసుకెళ్తేనే లేని జబ్బులన్నీ బయటపడతాయి. అయినా అడిగావు కనుక కలిదిండి శేషగిరిరావు గారి అడ్రసు కింద రాశాను. కొలతల్లో ఆయన్ని మించినవారు లేరు. కొల్లేరు చుట్టూ ఎన్ని చేపల చెరువులు ఆయన కొలత గొలుసు కింద పడ్డాయో లెక్కలేదు. పెద్దమనిషి, ఒకరి ఇంట్లో అక్కర్లేనిది తవ్వే రకం కాదు.

ఒక మాట. ఆయనకి వయసు పైబడింది, అటక ఎక్కించకు. పెద్దగది ఎలాగూ బాగానే ఉందంటున్నావు కదా, అది చూపించే శ్రమ పెట్టకు.

మీ ఆవిడ రత్నమాణిక్యం గారిని అడిగానని చెప్పు.

నీ
ముస్తాక్


ఉంగుటూరు,
1 మార్చి 2006.

ముస్తాక్‌కి,

శేషగిరిరావు గారు వచ్చారు. పొద్దున్న పదింటికి గేటు దగ్గర గొలుసు పరిచారు, సాయంత్రం నాలుగింటికి పెరటి గోడ దగ్గర చుట్టారు. మధ్యలో ఒకే ఒక్కసారి తలెత్తారు, మా ఆవిడ మజ్జిగ ఇచ్చినప్పుడు.

"ఇల్లు గట్టిగా ఉందాండీ?" అని గాయత్రి అడిగింది.

"స్థలం ఇరవై రెండు సెంట్ల పైచిల్లర ఉందమ్మా. నీళ్లు నిలుపుతారా?"

"స్కూలండీ."

"ఆయ్, అయితే గట్టు ఎత్తు చెయ్యక్కర్లేదు," అన్నారు.

చాలా మర్యాదస్థులు. ఆయన పుణ్యమా అని ఒక సంగతి తేలింది. పక్కింటివాళ్లు నా స్థలం అడుగు మేర కలుపుకున్నారని పదేళ్లుగా ఊరందరికీ చెబుతున్నానా, తీరా చూస్తే నేనే వాళ్ల స్థలంలో అడుగున్నర లోపల ఉన్నాను. ఆ మాట ఆయన పక్కింటివాళ్ల అరుగు మీద కూచుని మెల్లగా చెప్పారు. ఇప్పుడు నేను వాళ్ల గుమ్మం ముందు నుంచి వెళ్లడం మానేసి కాలవ గట్టున చుట్టు తిరిగి వెళుతున్నాను.

గాయత్రి నవ్విందిగానీ తరువాత అడిగింది, "ఇంటిని చూసేవాళ్లని అడిగితే బాబాయి నేలను కొలిచేవాళ్లని పంపారేంటి నాన్నా?" అని. తొందరలో పంపి ఉంటాడులే అన్నాను. ఇంకొకరిని చూడు. ఈసారి కాస్త మెడ పైకి తిరిగేవాడైతే బాగుంటుంది.

నీ
గంగరాజు


పవర్‌పేట, ఏలూరు,
8 మార్చి 2006.

గంగరాజుకి,

పొరపాటు నాదే. ఈసారి దగ్గరలోనే చూశాను. తాడేపల్లిగూడెంలో ప్రసాదరావు అని ఉన్నాడు. ఇంజనీరు బోర్డు పెట్టాడు. చేతిలో ఎప్పుడూ పది పనులుంటాయి కనుక ఎక్కువసేపు విసిగించడు. కాగితం కూడా త్వరగా ఇస్తాడని పేరు. ఫిబ్రవరి వెళ్లిపోయింది, జూన్ ఎంతో దూరం లేదు. నీకు కావలసింది కాగితం. గాయత్రి చిన్నది, అది ఏదో అంటుంది. లోకం సంగతి మనకి తెలుసు కదా.

ఈమధ్య నాకు నిద్ర సరిగ్గా లేదు. షుగరేమో చూపించుకోమని షాహీన్ అంటోంది.

నీ
ముస్తాక్


ఉంగుటూరు,
30 మార్చి 2006.

ముస్తాక్‌కి,

చాలా సంగతులున్నాయి, నీళ్లు తాగి చదువు.

ప్రసాదరావు మోటారుసైకిలు మీద వచ్చాడు. ఇంజను ఆపలేదు. మండువాలో నిలబడి ఒక చుట్టు తిరిగి, "పడగొట్టేద్దామండీ. పిల్లర్లు లేపి స్లాబు వేస్తే మూడు నెలల్లో మీకు బ్రహ్మాండమైన స్కూలు," అన్నాడు. నేను సగం పడిపోయాను, ఇల్లు కాదు, నేను. స్లాబు అంటే నాకు మొదటి నుంచీ మోజే.

గాయత్రి మాత్రం కుర్చీ వేసి కూచోబెట్టి అడిగింది. "ఇలాంటి గానుగ సున్నం ఇళ్లు ఇదివరకు ఎన్ని చూశారండీ?" "ఇవన్నీ ఒకటేనమ్మా." "అటక ఎక్కి చూస్తారా?" "బట్టలు పాడవుతాయండీ." "పడగొట్టాలని రాసిచ్చేదీ మీరే, కొత్తది కట్టేదీ మీరేనా?" దానికి ఆయన ఫోను వచ్చిందన్నాడు. ఫోను మోగినట్టు నాకైతే వినపడలేదు.

అతను వెళ్లాక గాయత్రి తన కాలేజీ స్నేహితురాలి ద్వారా ఇంకొకరిని పట్టుకుంది. మీ ఏలూరు అమ్మాయే, పేరు లిడియా. ఎం.టెక్ చదివిందట, పాత కట్టడాలు చూడడమే ఆమె పని. రిపేర్లు తను చెయ్యదు, చూసి రాసిస్తుంది, అంతే. వాళ్ల నాన్న అబ్రహాం గారు సున్నం మేస్త్రీ అట. చిన్నప్పుడు గానుగ చుట్టూ ఎద్దు వెనకాల నడిచానని చెప్పింది.

ఇంజనీరమ్మ వస్తోందంటే ఇల్లు అలా వదిలేస్తానా? ఇద్దరు మనుషుల్ని పెట్టి పగుళ్లన్నీ పూడిపించాను, ఇల్లంతా వెల్ల వేయించాను, గడపలకి పసుపు రాయించాను. మా ఆవిడ పులిహోర కూడా చేసింది. లిడియా వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇంటికి పెళ్లిచూపులా అండీ?"

"అతిథులు వస్తారంటే మా ఇంట్లో అంతేనమ్మా," అన్నాను గర్వంగా.

"జబ్బు చూపించుకోవడానికి వచ్చినవాళ్లు మొహానికి పౌడరు రాసుకుంటే డాక్టరు ఏం చేస్తాడండీ? నేను చూడాల్సినవన్నీ మీరు పూడ్చేశారు," అంది. ఆ అమ్మాయి పులిహోర తిన్నంతసేపూ నేను తలెత్తలేదు. నెల ఆగి మళ్లీ వస్తానంది. అంతవరకు మేకు కూడా కొట్టకూడదట.

పోతూ పోతూ ఒక ప్రశ్న అడిగింది. "ఈ ఇంటికి పెద్ద రిపేరు ఆఖరుసారి ఎప్పుడు జరిగింది, ఎవరు చేశారండీ?" అంతసేపటికి నాకు చెప్పుకోవడానికి ఒక మంచి సంగతి దొరికింది. నీ పేరు చెప్పాను. దూలం చూపించాను. ఏ చెక్క, గోడలో ఎంత కూచుంది, ఎలా కూచుంది, అవి నిన్ను అడిగి తెలుసుకుంటానంది. నీ కొట్టు అడ్రసు ఇచ్చాను. వస్తే మంచి టీ ఇప్పించు.

నీ
గంగరాజు


పవర్‌పేట, ఏలూరు,
6 ఏప్రిల్ 2006.

గంగరాజుకి,

ఆ అమ్మాయి వచ్చింది. నేను కొట్టులో లేనని చెప్పించాను.

కోప్పడకు. ఉన్నమాట చెబుతున్నాను. ముప్పై ఏళ్లు నిండని పిల్ల. చదువు వేరు, చెక్క వేరు. పుస్తకాల్లో టేకు వాసన ఉంటుందా? ఇలాంటివాళ్లు వచ్చారంటే గోడలు తవ్వుతారు, ఫోటోలు తీస్తారు, లేనిపోని అనుమానాలు పెట్టిపోతారు. తవ్విన గోడ మళ్లీ మునుపటిలా అవుతుందా? దూలం గురించి అడగడానికి ఆమె ఎవరు? ముప్పై ఏళ్లుగా ఊడని దాన్ని ఇప్పుడు లాగి చూడాలా?

నా మాట విను. ఆమెకి వద్దని చెప్పేయ్. ఏలూరులో ఇంకా అనుభవం ఉన్నవాళ్లు ఉన్నారు, నేనే తీసుకొస్తాను.

ముస్తాక్


ఉంగుటూరు,
13 ఏప్రిల్ 2006.

ముస్తాక్‌కి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ చేతిరాతే, మాటలు మాత్రం నీవి కావు. ఏలూరు హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూచున్నప్పటి నుంచీ ఎరుగుదును, నువ్వు ఎవరినీ చిన్నదని, ఆడపిల్లని తీసిపారేసినవాడివి కావు. అలా తీసిపారేసే పని మన ఇద్దరిలో నాది.

నీకేమైనా ఒంట్లో బాగాలేదా? ఆ షుగరు పరీక్ష చేయించుకున్నావా? లేక ఆ అమ్మాయిని పిలిచేముందు నిన్ను అడగలేదని కష్టం కలిగిందా? అదే అయితే క్షమించు. నీ పనికి వంక పెట్టడానికి కాదు. ఆ దూలం చూపించే కదా నేను ఊళ్లో పది ఇళ్ల పని నీకు ఇప్పించింది. ఇప్పుడు ఒక ఇంజనీరు కూడా చూసి మెచ్చుకుంటే నాకే గొప్ప.

లిడియా ఇరవై ఎనిమిదో తారీకున వస్తుంది. దూలం కొనల దగ్గర పూత కొట్టి చూస్తుందట. పిల్లల పేర్లు రాయించుకోవడం మొదలైంది. నిన్నటికి ముప్పై రెండు. గాయత్రి ఆ పేర్లన్నీ నోటుబుక్కులో రాసుకుని రోజూ పొద్దున్న తీసి చదువుకుంటోంది. అందరికంటే చిన్నదానికి నాలుగేళ్లు.

నువ్వు కూడా ఆ రోజుకి రా.

గంగరాజు


పవర్‌పేట, ఏలూరు,
18 ఏప్రిల్ 2006.

గంగరాజూ,

ఇది చదివేటప్పుడు రత్నమాణిక్యం గారిని కూడా పక్కన కూచోబెట్టుకో. రెండుసార్లు చెప్పే ధైర్యం నాకు లేదు. ఈ కవరు పోస్టు డబ్బాలో వేసి, అక్కడి నుంచే గాయత్రికి ఫోను చేస్తాను. పెద్దగదికి తాళం వెయ్యమని, ఎందుకో ఉత్తరంలో ఉందని చెబుతాను.

ఆ దూలం పొట్టిది.

తుఫాను తరువాత నాన్న కామెర్లతో మంచం మీద ఉంటే మీ పనికి నేను ఒక్కణ్ణే వచ్చాను. నాన్న లేకుండా నేను చేసిన మొదటి పని అది. నాన్న పెట్టెలో ఉన్న టేపు అడిగి తీసుకోవడానికి నామోషీ వేసింది. ఇరవై నాలుగేళ్ల మేస్త్రీకి కొలత కళ్లలోనే ఉండాలనుకున్నాను. చివరికి మీ పశువులపాకలో పురికొస దొరికితే దాంతో గది కొలిచి ముడి వేశాను. బయట టేకు మాను దగ్గరికి వెళ్లేలోపు వాన వచ్చింది. వాన వెలిశాక అదే తాడు మాను మీద పరిచి, గీత గీసి, కోసేశాను. తడిసిన పురికొస బిగుసుకుని కురచవుతుంది. బట్టలు ఆరేసే ఏ ఇల్లాలికైనా తెలుసు. మేస్త్రీకి తెలియలేదు.

పైకెత్తి పెట్టాక చూస్తే ఆరంగుళాలు తక్కువ. పడమటి కొన గోడలో తొమ్మిదంగుళాలు కూచోవాలి, మూడే కూచుంది. రాజమండ్రి నుంచి మీ నాన్నగారు ఎంత కష్టపడి తెప్పించిన మానో నాకు తెలుసు. నోరు రాలేదు. మామిడి ముక్క ఒకటి అతికి, రెండు బోల్టులు బిగించాను. ఆయన భోజనానికి లేచినప్పుడు గబగబా సున్నంతో మూసేశాను. ఆయన తిరిగి వచ్చి దూలం చూసి, నా భుజం తట్టి, "మీ నాన్న పేరు నిలబెట్టావురా," అన్నారు.

ఎండాకాలం రాగానే ఏదో వంక చెప్పి వచ్చి సరిచేద్దామనుకున్నాను. ఎండాకాలాలు ఇరవై ఎనిమిది వచ్చాయి.

శేషగిరిరావు గారు కిందికే చూస్తారని తెలిసే పంపాను. ప్రసాదరావు ఏదీ చూడడని తెలిసే పంపాను. లిడియా పైకి చూస్తుందని తెలిసే వద్దన్నాను. నీకు మంచి సర్వేయరు దొరకకుండా చెయ్యడానికి నేను పడ్డ పాట్లలో సగం పడి ఉంటే ఆ దూలం ఎప్పుడో బాగుపడేది. నీ ఉత్తరంలో నాలుగేళ్ల పిల్ల అన్న మాట షాహీన్ చదివింది. నా చేతికి కలం ఇచ్చి ఎదురుగా కూచుంది. ఇది పూర్తయ్యేదాకా కదలలేదు.

క్షమించమని అడగను. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకు.

ముస్తాక్


పవర్‌పేట, ఏలూరు,
9 మే 2006.

గంగరాజూ,

మూడు వారాలైంది. గది తాళం వేశారని గాయత్రి ఫోనులో చెప్పింది, ఇంకేమీ చెప్పలేదు. పోస్టుమాన్ మా వీధి మలుపు తిరిగితే లోపలికి పోతున్నాను, వెళ్లిపోయాక బయటికి వచ్చి ఉత్తరం లేదేమని బాధపడుతున్నాను. నన్ను తిట్టాలనుకుంటే తిట్టు. ఉత్తరం మాత్రం రాయి.

ముస్తాక్


ఉంగుటూరు,
17 మే 2006.

ముస్తాక్,

పైన ఏం రాయాలో తోచక పేరు మాత్రం రాశాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు మా ఆవిడ చదివి వినిపించింది. నేను మొదట నవ్వాను. ఆరంగుళాలు, తడి తాడు, నవ్వు వచ్చే సంగతే కదా. తరువాత మజ్జిగన్నం తింటుంటే గుర్తొచ్చింది. గాయత్రి బారసాలకి ఉయ్యాల ఆ దూలానికే కట్టాం. నువ్వు వచ్చావు. వెండి గ్లాసు తెచ్చావు. ఉయ్యాల తాడు గట్టిగా ఉందా లేదా అని రెండుసార్లు లాగి చూశావు. తాడు చూశావు ముస్తాక్! తాడు చూసి, దూలం సంగతి చెప్పకుండా, పాయసం తిని, బిడ్డని దీవించి వెళ్లిపోయావు. అది గుర్తొచ్చాక అన్నం ముందు నుంచి లేచిపోయాను. అప్పటి నుంచి కలం తీస్తున్నాను, మళ్లీ మూత పెట్టేస్తున్నాను. ఇంత కోపం నాకు ఎవరి మీదా రాలేదు. నీ మీద వచ్చిందన్నదే ఇంకా బాధ.

లిడియా చెప్పిన రోజుకే వచ్చింది. నువ్వు రాసింది చూపించాం. పూత కొట్టించింది. ఆ మామిడి ముక్క చేత్తో నలిపితే పొడి అయింది. ఒక బోల్టుని తుప్పు తినేసింది. మిగిలిన ఒక్క బోల్టు మీద ఇన్నాళ్లూ మేం కాపురం చేశాం.

కోపమంతా నీ మీదే పెట్టుకుందామనుకుంటే ఆ అమ్మాయి కుదరనివ్వలేదు. "ఆ ముక్క ఇంతగా కుళ్లడానికి కారణం గోడకి బయట వేసిన సిమెంటండీ. సున్నం గోడలో చెమ్మ బయటికి పోవాలి. ఎవరు వేయించారు?" అంది. నేనే. పక్కింటివాళ్లు వేయించారని తొంభై ఎనిమిదిలో పోటీకి వేయించాను. ఇంకోటి లిడియాకి చెప్పలేదు, నీకు చెబుతున్నాను. ఆ పురికొస పాకలోంచి తెచ్చింది నేను. వానలో దాన్ని మెళ్లో వేసుకుని పరిగెత్తిందీ నేనే.

కుళ్లిన కొన కోసేసి, గోడకి ఆనించి దూలం కింద టేకు స్తంభం ఒకటి నిలపాలట. గోడలో దాచకూడదు, ఏటేటా చూసుకునేలా అందరికీ కనపడుతూ ఉండాలని రాసిచ్చింది. తాడేపల్లిగూడెం వడ్రంగులు ఇద్దరు వచ్చి ఇనప గడ్డర్ వెల్డింగు చేయిస్తామన్నారు. చెక్కకి చెక్క కూర్చడం ఇప్పుడు ఎవరికీ రాదట.

"చేసినవాళ్లే వచ్చి సరిచేస్తారు," అంది గాయత్రి. నేను రమ్మనడం లేదు. అది రమ్మంటోంది.

టేపు తెచ్చుకో.

గంగరాజు


పవర్‌పేట, ఏలూరు,
20 జూన్ 2006.

గంగరాజుకి,

పదిహేడు రోజులు మీ ఇంట్లో పనిచేశాను. నువ్వు ఒక్కమాట మాట్లాడలేదు. నేను వస్తే పొలానికి వెళ్లావు, నేను వెళ్లాక వచ్చి స్తంభం తట్టి చూసేవాడివని రత్నమాణిక్యం గారు చెప్పారు. అందుకే ఎదురుగా చెప్పాల్సింది కూడా రాయాల్సి వస్తోంది.

ప్రతి కొలతా మూడుసార్లు తీసుకున్నాను. నాలుగోసారి లిడియా తీసుకుంది. పదేళ్ల తరువాత ఉలి పట్టుకుంటే మొదటి రోజు వేళ్లకి బొబ్బలు లేచాయి. నా వాలకం చూసి, "మీరు నిజంగా వడ్రంగేనాండీ?" అని అడిగింది. ఒకప్పుడు అనుకునేవాడినమ్మా అన్నాను. అటక మీద ఇసుక బస్తాలు ఎక్కించి ఒక పగలూ ఒక రాత్రీ ఉంచింది. వంపు కొలిచింది, బస్తాలు దింపించింది, మళ్లీ కొలిచింది. అప్పుడు సంతకం పెట్టింది.

ఆ సాయంత్రం గాయత్రి నా దగ్గరికి వచ్చింది.

"ఇంజనీరు గారి పరీక్ష అయిందండీ బాబాయ్. నాది ఉంది. సోమవారం పిల్లలు వస్తారు. ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీరు ఆ దూలం కింద కూచోండి."

కోపంగా అనలేదు. కాఫీ ఇచ్చి అడిగింది. కూచుంటానమ్మా అన్నాను.

నువ్వు చూశావు కదా ఎలా కూచున్నానో. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ గదిలోకి ఎప్పుడొచ్చినా నేల వంకే చూశాను. శేషగిరిరావు గారిని అని లాభం లేదు. ఆదివారం మొదటిసారి తల ఎత్తి ఆ దూలం మొత్తం చూశాను. మంచి మాను గంగరాజూ. ఎక్కడా ముడి లేదు. దాని తప్పు ఏమీ లేదు.

మధ్యాహ్నం నువ్వు చాప, తలగడ పట్టుకుని వచ్చావు. స్తంభం వంక ఒకసారి చూశావు, నా వంక చూడలేదు. సరిగ్గా దూలం కింద చాప పరిచి, అటు తిరిగి పడుకున్నావు. ఐదు నిమిషాల్లో గురక మొదలైంది. నా చెడ్డ చెవికి కూడా వినిపించింది.

మీ ఇంట్లో నేను ఎప్పుడూ పడుకోలేదు. పండక్కి వచ్చినా పెళ్లికి వచ్చినా ఆఖరి బస్సు ఉందని వెళ్లిపోయేవాడిని. నువ్వు నా పక్కన అంత నిశ్చింతగా నిద్రపోతుంటే గోడ వైపు తిరిగి ఏడ్చాను. నువ్వు చూడకపోవడమే మంచిదైంది.

ఇంక మాట్లాడకపోయినా ఏమీ అనుకోను.

నీ
ముస్తాక్


ఉంగుటూరు,
24 జూన్ 2006.

ముస్తాక్‌కి,

స్కూలు మొదలైంది. ముప్పై రెండుమందిలో ఇరవై తొమ్మిదిమంది ఏడ్చారు. ఏడవని ముగ్గురూ పారిపోయారు, కాలవ గట్టు దగ్గర పట్టుకున్నాం. నన్ను ఆయా ఉద్యోగంలో వేసుకున్నారు.

నువ్వు రాసింది మా ఆవిడ చదివి, నిద్ర సంగతి వచ్చేసరికి నా వంక చూసి నవ్వింది. దాని దగ్గర దాచలేను కనుక నీ దగ్గరా దాచను. నేను నిద్రపోలేదు. గురక నీకోసం పెట్టాను. కళ్లు మూసుకుని, చెవులు రిక్కించి, పైనుంచి ఏ చప్పుడు వస్తుందా అని వింటూ పడుకున్నాను. పెంకుల మీద కాకి నడిస్తే గుండె ఆగినంత పనైంది. లేచి పారిపోదామనుకున్నాను కూడా. నువ్వు కూచుని ఉండగా నేను పారిపోతే ఊరు ఏమంటుందని ఆగాను. నీ ముక్కు ఎగబీల్పు కూడా విన్నాను. అప్పుడే తిరిగి పలకరించాల్సింది, గురకే ఇంకాస్త గట్టిగా పెట్టాను.

ఒంటిగంట కొట్టింది. రెండు కొట్టింది. మూడు దాటాక మాత్రం నిజంగానే నిద్రపట్టేసింది.

నీ
గంగరాజు